చలి వంటింట్లో పెరుగు తోడుకోవాలంటే

జర్మనీకి ఓపేర్‌గా, అంటే ఒక కుటుంబంతో ఉంటూ వాళ్ల పిల్లలను చూసుకోవడానికి, వచ్చినవారికి చలికాలంలో ఎదురయ్యే చికాకుల్లో పెరుగొకటి. రాత్రి తోడు పెడితే తెల్లారేసరికీ పాలు పాలలాగే ఉంటాయి. కొనుక్కోవచ్చు కానీ, రెండు పూటలా పెరుగన్నం అలవాటున్న వారికి ఆ చిన్న డబ్బాలు ఏ మూలకు? నెలకు చేతికొచ్చే 280 యూరోలకు వేరే ఖర్చులు చాలానే ఉంటాయి.

ఆతిథ్య కుటుంబం వంటింట్లోని ఓవెన్ చాలు. 3.5 శాతం కొవ్వున్న హా-మిల్ష్ (విప్పేవరకు ఫ్రిజ్ అక్కర్లేని ప్యాకెట్ పాలు) ఒక లీటరు తీసుకోండి. బాగా ఎక్కువ వేడి చేసి ప్యాక్ చేసిన పాలే కాబట్టి మళ్లీ కాచనక్కర్లేదు, వేలు ముంచితే చురుక్కుమనకుండా వెచ్చగా తగిలితే చాలు. రెండు చెంచాల నాటూర్‌యోగుర్ట్ (తీపి, పండ్లు కలపని మామూలు పెరుగు) కలిపి, స్టీలు మూత పెట్టి, గిన్నెను ఓవెన్‌లో ఉంచండి. లోపలి దీపం మాత్రమే వేయండి, వేడి మీట జోలికి పోవద్దు. ఆరు నుంచి ఎనిమిది గంటల్లో, గిన్నె కొంచెం వంచినా కదలనంత గట్టిగా తోడుకుంటుంది. వెంటనే ఫ్రిజ్‌లో పెట్టేయాలి, లేకపోతే పులుస్తుంది.

ఓవెన్ తలుపుకు, లోపల గిన్నె ఉందని జర్మన్‌లో ఒక చీటీ అంటించండి. పిల్లల పిజ్జా కోసం ఎవరైనా చూడకుండా ఓవెన్ వేస్తే అంతే సంగతులు!

కొత్త ఓవెన్లలో ఎల్ఈడీ దీపాలుంటే మాత్రం ఈ పద్ధతి పనిచేయదు, వాటికి పుట్టే వేడి చాలా తక్కువ. అప్పుడు వేడినీళ్లు నింపిన రబ్బరు సంచిని గిన్నె పక్కన పెట్టి, రెండింటినీ కలిపి మందపాటి తువ్వాలు చుట్టండి.