పేస్‌మేకర్ కుట్టు దగ్గర ఎర్రబడితే ఏం చేయాలి

మా మావయ్యని నెల్లూరు నుంచి చెన్నై తీసుకొచ్చి పేస్‌మేకర్ (గుండె సరిగ్గా కొట్టుకునేలా ఛాతీ చర్మం కింద పెట్టే చిన్న మిషన్) పెట్టించాం, మూడో నెలలో కుట్టు చివర శనగగింజంత ఎర్రగా ఉబ్బి చొక్కాకి పసుపు మరక అంటింది, జ్వరం మాత్రం అస్సలు లేదు. అందుకే చెప్తున్నా, జ్వరం లేదు కదా అని ఊరుకోకండి.

రోజూ వెలుతురులో కుట్టు చూసి ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోండి. వాపు, చీము, చర్మం పల్చబడటం, ఏది కనిపించినా మిషన్ పెట్టిన డాక్టర్ దగ్గరికి అదే రోజు వెళ్ళండి. మెడికల్ షాపులో యాంటీబయాటిక్ కొని మింగొద్దు, బ్లడ్ కల్చర్‌కి (రక్తంలో ఏ క్రిమి ఉందో పెంచి చూసే పరీక్ష) రక్తం తీయకముందే మందు పడితే క్రిమి దొరక్కపోవచ్చు. ఎవరైనా సూదితో చీము లాగుతామంటే వద్దనండి, దానివల్లే లోపలికి ఇన్ఫెక్షన్ పోవచ్చు.

ఇలాంటి ఇన్ఫెక్షన్‌లో ఎక్కువమందికి వచ్చేది స్టాఫిలోకాకస్ అనే బాక్టీరియా. కల్చర్ నెగటివ్ అని వచ్చినా చీము ఆగకపోతే మాత్రం "ఏఎఫ్‌బీ కల్చర్ కూడా పంపారా సార్" అని అడగండి (టీబీ జాతి క్రిముల్ని పట్టే కల్చర్ అది), ఎందుకంటే నీళ్ళలో మట్టిలో ఉండే మైకోబాక్టీరియం ఫార్చుయిటమ్ లాంటి టీబీ జాతి క్రిములు అరుదుగా పడతాయి, మామూలు కల్చర్‌లో తప్పిపోతుంటాయి, పైగా టీబీకి వాడే మామూలు మందులకి అవి చాలావరకు లొంగవు.

ఇన్ఫెక్షన్ పైచర్మంలోనే కాక మిషన్ దాకా ఉందని ఖాయమైతే మిషన్, వైర్లు మొత్తం తీసేయాలి, ఒట్టి మందులతో చాలావరకు మళ్ళీ తిరగబెడుతుంది. తీసేస్తే గుండె ఆగిపోతుందేమో అని మా అత్త ఏడ్చేసింది పాపం, కానీ అవసరమైనవాళ్ళకి తాత్కాలిక పేసింగ్ (కొన్నాళ్ళు గుండెని నడిపించే ఏర్పాటు) పెడతారు, కొత్తది తర్వాత రెండో వైపు వేస్తారు.