ఫుల్ బ్యాటెన్ తెరచాప కొనేముందు మాస్ట్ చూడండి

మొన్న ఆదివారం మా మేనల్లుడు తిరుమలగిరిలో మా ఇంటికొచ్చి డైనింగ్ టేబుల్ మీద ఓ కొటేషన్ పరిచాడు. స్నేహితులతో కలిసి పాత 25 అడుగుల తెరచాప పడవ కొన్నాడు. కొచ్చిలో కట్టి ఉంటుంది. "మామా, ఫుల్ బ్యాటెన్ మెయిన్ సెయిల్ చెప్పేస్తున్నాం. ఎక్కువ కాలం వస్తుందట, దించితే దానంతటదే మడత పడుతుందట" అన్నాడు. ఫుల్ బ్యాటెన్ అంటే ఈ అంచు నుంచి ఆ అంచు దాకా అడ్డంగా బద్దలున్న తెరచాప. నేను కొటేషన్ ముట్టుకోలేదు. మాస్ట్ (తెరచాపను నిలబెట్టే స్తంభం) వెనక, తెరచాప ముందు అంచు ఎక్కే గాడి ఫోటో ఉందా అని అడిగాను. లేదన్నాడు. ఆ రోజు వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

నేను పడవ నేర్చుకున్నది హుస్సేన్ సాగర్‌లో, లేజర్ అనే ఒక్క మనిషి నడిపే చిన్న పడవ మీద. లేజర్ తెరచాపకు వెనక అంచున మూడు చిన్న బద్దలుంటాయి, అంతే. తర్వాత హోబీ 16 అనే జంట దోనెల పడవ ఎక్కినప్పుడు తెలిసింది, వెనక అంచు నుంచి మాస్ట్ దాకా వెడల్పంతా బద్దలుంటే తెరచాప ఎలా ప్రవర్తిస్తుందో. గాలికి ఎదురు తిరిగినా టపటపా కొట్టుకోదు. బట్టను తినేసేది ఆ కొట్టుకోవడమే కాబట్టి ఫుల్ బ్యాటెన్ తెరచాప ఎక్కువ కాలం మన్నుతుందన్న మాట నిజం. దించితే బూమ్ (తెరచాప కింది అంచున ఉండే అడ్డ కర్ర) మీద బద్ద మీద బద్ద పేర్చినట్టు కూర్చుంటుందన్నదీ నిజం. ఇద్దరే మనుషులుండే చిన్న పడవకు ఇది పెద్ద సుఖం.

కానీ ఆ బద్ద ఒక పని చేస్తుంది, దాన్ని కొటేషన్‌లో ఎవరూ రాయరు. గాలి నిండితే బట్ట విల్లులా వంగుతుంది, వెనక అంచు ముందుకు రావాలని లాగుతుంది. ఆ లాగుడంతా బద్ద గుండా వచ్చి మాస్ట్ మీద తోపుగా పడుతుంది. పొట్టి బద్దల తెరచాపలో మాస్ట్ గాడిలోని స్లైడ్లు (తెరచాప అంచుకు కుట్టిన జారుడు ముక్కలు) వెనక్కి లాగబడతాయే గానీ ముందుకు తొయ్యబడవు. ఫుల్ బ్యాటెన్‌లో ముందుకు, పక్కకు తొయ్యబడి గాడిలో అడ్డం తిరిగి బిగుసుకుంటాయి.

ఇది నాకు అనుభవం మీద తెలిసింది. పదేళ్ల కిందట ఇద్దరు మిత్రులతో కలిసి కొన్న పడవకు ఫుల్ బ్యాటెన్ తెరచాప కుట్టించి, పాత నైలాన్ స్లైడ్లనే వాడాం. మే నెలాఖరున కొచ్చి బయట నల్లటి మబ్బు వచ్చింది. హాల్యార్డ్, అంటే తెరచాపను ఎత్తే తాడు, వదిలేశాను. తెరచాప సగం దాకా దిగి ఆగిపోయింది. క్యాబిన్ పైకెక్కి రెండు చేతులతో గుంజి దించాల్సి వచ్చింది. కుడి చేతి గోరు ఊడింది. ఆ తెరచాపలో ఏ లోపమూ లేదు. ప్రతి బద్ద ముందు చివరన తోపును మోసే గట్టి పెట్టె, దాన్ని గాడితో కలిపే తిరిగే కీలు లేవు. అవి బిగించాక అదే తెరచాప దాని బరువుకే దిగింది.

అందుకని మొదట గాడిని చూడండి. తెరచాప అంచు తాడు నేరుగా గాడిలో దూరే మాస్ట్ అయితే, ఫుల్ బ్యాటెన్ మాట మరిచిపోండి లేదా స్లైడ్లకు మార్చుకోండి. మాస్ట్ లోపలికి చుట్టుకునే తెరచాప అయితే అడ్డ బద్దలు అసలు కుదరవు. స్లైడ్లుంటే, బద్దల దగ్గర కీలున్న పెట్టెలు ఇస్తారా అని కుట్టేవాళ్లను అడగండి. స్లైడ్ల బదులు వాడే బాల్ బేరింగ్ కార్లు (బేరింగుల మీద జారే చిన్న బండ్లు) చాలా బాగుంటాయి గానీ 25 అడుగుల పడవకు వాటి ఖర్చు అక్కర్లేదని నా అభిప్రాయం. పాత గాడిలోకే దూర్చే నున్నటి ప్లాస్టిక్ ట్రాక్ ఈ సైజుకు సరిపోతుంది. ఏది పెట్టినా ఉప్పు పేరుకోకుండా మంచినీళ్లతో కడగాలి.

ఇక బద్ద సంగతి. ధూల్‌పేటలో గాలిపటాలు చేసేవాళ్లను చూడండి. విల్లుగా వంచే వెదురు పుల్లను ఎక్కడ ఎంత వంగాలో అంత చెక్కుతారు. తెరచాప బద్ద కూడా అంతే. ముందు భాగం పల్చగా, వెనక గట్టిగా ఉంటే తెరచాప పొట్ట, అంటే గాలికి బాగా లోతుగా వంగే చోటు, ముందుకు వస్తుంది, వెనక భాగం చదునుగా ఉంటుంది. ఒకే మందం బద్ద చవక, కానీ పొట్ట నడిమికి జారుతుంది. ఫైబర్‌గ్లాస్ చాలు, కార్బన్ ఈ సైజుకు దండగ. బద్ద బిగించేటప్పుడు, దాన్ని దూర్చే సంచి వెంట ఉన్న నిలువు ముడతలు పోయేదాకా బిగించి ఆపండి.

కొలతలు మాస్ట్ వెంట అంచుకూ, బూమ్ వెంట అంచుకూ తీసుకోండి. 9 మీటర్లు, 3 మీటర్లు అనుకుంటే త్రికోణం 13.5 చదరపు మీటర్లు. బద్దలుంటే వెనక అంచును బయటికి ఉబ్బించవచ్చు. పది శాతం ఉబ్బితే 1.35 చదరపు మీటర్లు కలిసొస్తుంది. కానీ వెనక నుంచి మాస్ట్ కొసకు కట్టిన తీగకు ఆ ఉబ్బు తగలకూడదు. తగిలితే గాలి తక్కువున్న రోజు దిశ మార్చిన ప్రతిసారీ బద్ద అక్కడే పట్టుకుంటుంది. రీఫ్, అంటే గాలి పెరిగితే తెరచాప కింది భాగం మడిచి చిన్నది చేసే ఏర్పాటు, రెండు చాలు. రీఫ్ వేశాక బూమ్ పైన వచ్చే బద్ద బూమ్‌కు సమాంతరంగా ఉండాలని రాసి ఇవ్వండి.

బట్ట డేక్రాన్ (పాలియెస్టర్ తెరచాప బట్ట), ఈ సైజుకు ఆరున్నర ఔన్సులు. తెరచాపవాళ్ల లెక్కలో అది చదరపు మీటరుకు సుమారు 280 గ్రాములు. మన ఎండకు బట్ట కంటే ముందు దారం పోతుంది, కనుక కుట్టు మూడు వరసలుండాలి, పైన కవర్ తప్పదు.

కొత్త తెరచాప వచ్చాక మొదటి రోజు గాలి వెనక నుంచి పెట్టి నడపండి. మాస్ట్‌ను పక్కల నుంచి పట్టి ఉంచే తీగలకు బద్ద సంచులు ఎక్కడ రాసుకుంటున్నాయో సుద్దముక్కతో గీసి, అక్కడ అతుకులు వేయించండి. తెరచాప కొట్టుకోదు కాబట్టి గాలి తప్పిన సంగతి కంటికి ఆనదు. ప్రతి బద్ద వెనక చివర ఓ రిబ్బన్ ముక్క కుట్టించండి, అదే చెబుతుంది. ఎత్తేటప్పుడు పడవ ముఖం గాలికే ఉండాలి, దించేటప్పుడు తెరచాపను బూమ్ మీదే ఆపే లేజీ జాక్ తాళ్లను మాస్ట్ దాకా లాగి కట్టాలి. లేకపోతే బద్దల చివరలు వాటిలో చిక్కుకుంటాయి.

హుస్సేన్ సాగర్‌లో ఆదివారాలు మాత్రమే తిరిగే పడవ అయితే, పైన ఒకటో రెండో బద్దలు నిండుగా, కింద పొట్టిగా ఉంటే చాలు. మావాడు సముద్రంలోకి వెళ్తాడు కాబట్టి వాడికి ఫుల్ బ్యాటెన్ సరే అన్నాను, గాడి ఫోటో పంపాకే. జూన్ నుంచి సెప్టెంబరు దాకా పడవ కట్టేసే ఉంటుంది కనుక కుట్టడానికి అదే అదను. బద్దలు మాత్రం ఇక్కడే కోయించి, రాణిగంజ్‌లో ఓ పీవీసీ పైపు కొని, అందులో వరసగా నంబర్లు రాసి పెట్టి శబరి ఎక్స్‌ప్రెస్‌లో పార్సిల్ వేస్తాడట.