ఊరి పనుల లెక్క – 3వ పాఠం: మీ వీధి సీసీ రోడ్డు ఎం-బుక్‌లో ఎలా ఉంటుంది

కిందటి రెండు పాఠాల్లో పని ఎక్కడ పుడుతుందో చూశాం. గ్రామసభలో అడగడం, జీపీడీపీలో, అంటే పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో ఎక్కించడం, 2021–26 నాటి 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో 60 శాతం తాగునీటికీ పారిశుద్ధ్యానికీ ముందే కట్టేసి ఉండటం, మిగిలిన 40 శాతంలోనే రోడ్లూ దీపాలూ సర్దుకోవాల్సి రావడం, ఇవన్నీ అయిపోయాయి. ఇప్పుడు పని మంజూరైంది, కంకర లోడు మీ వీధి మలుపులో పడింది అనుకుందాం. ఇక్కడినుంచి మీకు కావాల్సినవి ఒక టేపు, ఒక పురికొస దారం, రెండు కాగితాలు. ఒకటి అంచనా, అంటే ఎస్టిమేట్. రెండోది ఎం-బుక్, అంటే కొలతల పుస్తకం.

ముందు అంచనా చూడండి. చివరి పేజీలో ఉన్న మొత్తం చూసి "అమ్మో ఇంతా" అనేయడం అందరూ చేసే పనే, కానీ ఆ అంకెతో మీకు పెద్దగా పని లేదు, అందులో 18 శాతం జీఎస్టీ, 1 శాతం లేబర్ సెస్, సీనరేజి (ఇసుక, కంకర, గ్రావెల్ మీద ప్రభుత్వానికి కట్టే రుసుము) లాంటివన్నీ కలిసి ఉంటాయి. మీరు చదవాల్సింది మొదటి పేజీల్లోని ఐటమ్‌లు. మామూలుగా మట్టి తవ్వకం, కింద గ్రావెల్ పరిచి రోలింగ్, దాని మీద కాంక్రీటు, జాయింట్లు, రెండు వైపులా బెర్ములు, అంటే అంచుల పక్కన పోసే మట్టి. ప్రతి ఐటమ్ పక్కనా పొడవు, వెడల్పు, మందం, వాటిని గుణిస్తే వచ్చే పరిమాణం ఉంటాయి. రేటు ఎస్ఎస్ఆర్, అంటే ప్రభుత్వం ఖరారు చేసిన రేట్ల పట్టిక నుంచి వస్తుంది, దాని మీద మనం వాదించేదేమీ లేదు. గొడవంతా పరిమాణం దగ్గరే.

ఒక లెక్క వేద్దాం. 100 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందం. 100 × 3 × 0.15 అంటే 45 క్యూబిక్ మీటర్ల కాంక్రీటు. అదే రోడ్డు 12 సెంటీమీటర్ల మందంతో పోస్తే 36 క్యూబిక్ మీటర్లు. పైనుంచి చూస్తే రెండు రోడ్లూ ఒకేలా ఉంటాయి, కానీ తొమ్మిది క్యూబిక్ మీటర్లు, అంటే ఐదో వంతు సరుకు ఎగిరిపోయింది. ఒక పాలు సిమెంటు, ఒకటిన్నర పాళ్ళు ఇసుక, మూడు పాళ్ళు కంకర చొప్పున ఎం-20 రకం కాంక్రీటు కలిపితే క్యూబిక్ మీటరుకి సుమారు ఎనిమిది బస్తాల సిమెంటు పడుతుంది, ఆ లెక్కన 70 బస్తాలకు పైనే మిగిలిపోయినట్టు. అందుకే పొడవు కొలిచి "సరిపోయింది" అని ఊరుకోకండి, పొడవులో దొంగతనం చేసేవాడు చాలా అరుదు, ఎవరైనా అడుగులు వేసి లెక్కపెట్టేస్తారు కదా.

మందం కొలిచే టైము ఒక్కటే, కాంక్రీటు పోయకముందు. అంచులకి ఇనుప ఛానెళ్ళో చెక్కలో బిగిస్తారు, వాటి ఎత్తు కచ్చితంగా 15 ఉంటుంది, ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్ళు చూసేది కూడా అంచునే. అసలు తేడా మధ్యలో ఉంటుంది, గ్రావెల్ సరిగ్గా చదును చేయకుండా దిబ్బలా వదిలేస్తే అక్కడ పది కూడా రాదు. ఈ ఛానెల్ పై అంచు నుంచి ఆ ఛానెల్ పై అంచుకి దారం బిగించి లాగి, దారం నుంచి కిందికి టేపు పెట్టి మూడు నాలుగు చోట్ల చూడండి. రోడ్డు మధ్య ఎత్తుగా ఉండేలా వాలు ఇస్తున్నారంటే మధ్యలో కాంక్రీటు దారం పైకి వస్తుంది, ఎంత పైకో మేస్త్రీని అడిగి అది కలుపుకోండి. ఒక ఫొటో తీసి పెట్టుకోండి, గ్రావెల్ పొర కూడా కనబడేలా. ఆ పొర ఒకసారి కప్పేశాక ఉందో లేదో తవ్వి చూస్తే తప్ప తెలీదు, బిల్లులో మాత్రం ఉంటుంది.

పోసేటప్పుడు ఇంకో సంగతి. పని సులువుగా సాగడానికి కూలీలు మిశ్రమంలో నీళ్ళు ఎక్కువ పోస్తుంటారు, జారుడుగా ఉంటే లాగడం తేలిక, కానీ ఆ నీళ్ళే రోడ్డు బలాన్ని తినేస్తాయి. పోసేశాక మాత్రం నీళ్ళే ప్రాణం. మర్నాటినుంచి చిన్న మట్టి గట్లు కట్టి నీళ్ళు నిలపాలి, కనీసం రెండు వారాలు. ఎండాకాలం మూడో రోజుకే గట్లు ఎండిపోయి కనబడితే అడగండి, మొహమాటం వద్దు.

ఇప్పుడు ఎం-బుక్. పేజీలకి ముందే నంబర్లు అచ్చు వేసి ఉంటాయి, రబ్బరుతో చెరపకూడదు, తప్పు పడితే అడ్డంగా కొట్టేసి పక్కన సంతకం పెట్టాలి. ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) కొలతలు రాస్తారు, డీఈ (ఆయన పై ఇంజనీరు) వాటిని మళ్ళీ సరిచూసే చెక్ మెజర్‌మెంట్ చేస్తారు. మీరు చూడాల్సినవి కొలిచిన తేదీ, పొడవు, వెడల్పు, మందం, పరిమాణం అనే నాలుగు గడుల గుణకారం, తీసివేతలు. వీధిలో కరెంటు స్తంభం చుట్టూ వదిలేసిన జాగా, ఎవరో అరుగు తియ్యనివ్వక వెడల్పు రెండున్నర మీటర్లకి తగ్గిన చోటు, ఇవి విడిగా రాశారా లేక మొత్తం 3 మీటర్లే అని గుండుగుత్తగా కొట్టేశారా అన్నది అక్కడ తెలిసిపోతుంది. ఒక జాగ్రత్త: రెండో బిల్లులో మొదటి కొలతలు మళ్ళీ కనబడితే డబుల్ బిల్లు అని గోల చేయకండి. అప్పటిదాకా అయిన మొత్తం రాసి, కింద పాత బిల్లులో ఇచ్చినది తీసేయడం పద్ధతి. ఆ తీసివేత లేకపోతే అప్పుడు అడగండి.

పుస్తకం చూపించమంటే చాలాచోట్ల "రేపు రండి" అంటారు. సమాచార హక్కు చట్టం, 2005 సెక్షన్ 2(జె) కింద పనినీ రికార్డులనూ తనిఖీ చేసే హక్కు, వాడిన సరుకు సర్టిఫైడ్ శాంపిల్ తీసుకునే హక్కు రెండూ మీకున్నాయి. దరఖాస్తు ఫీజు గ్రామస్థాయిలో లేదు, మండలస్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. జవాబుకి గడువు 30 రోజులు. "రోడ్డు వివరాలు ఇవ్వండి" అని రాస్తే రెండు లైన్ల జవాబు వస్తుంది, కాబట్టి పని పేరు, ఏడాది రాసి అంచనా, అగ్రిమెంటు, ఎం-బుక్ పేజీల నకళ్ళు అని విడివిడిగా అడగండి.

అగ్రిమెంటు ఎందుకంటే, రోడ్డు పాడైతే ఎవరు బాగుచేయాలో అందులో ఉంటుంది. చాలా అగ్రిమెంట్లలో పని పూర్తయినప్పటినుంచి రెండేళ్ళు కాంట్రాక్టరే సొంత ఖర్చుతో మరమ్మతు చేయాలి, అందుకోసమే బిల్లుల్లోంచి డిపాజిట్ పట్టి ఉంచుతారు. గడువు దాటితే ఆ డిపాజిట్ కాంట్రాక్టరుకి వెళ్ళిపోతుంది, పగుళ్ళు మనకి మిగులుతాయి, ఇక ఇంటిపన్ను డబ్బుల్లోంచి పంచాయతీ చేయాలి. మరమ్మతుకి శిలాఫలకం ఉండదు కాబట్టి ఎవరికీ ఆసక్తి ఉండదు, నాకు తెలిసినంతలో ఊరి రోడ్లు పాడవడానికి అవినీతి ఎంత కారణమో ఇదీ అంతే కారణం. పైగా రోడ్డు వేసిన ఆరు నెలలకే కుళాయి పైపుల కోసం కోయడం ఒకటి. పైపులు, కాలువ, ఆ తర్వాతే రోడ్డు అనే వరుస గ్రామసభలోనే రాయించుకోవాలి. అలా రాయించుకోని ఊళ్ళో ఉంటే, పైపుల పని అంచనాలో కోసిన రోడ్డు పూడ్చే ఐటమ్ ఉందేమో వెతకండి.

ఈ వారం అభ్యాసం: మీ వీధిలో గత రెండేళ్ళలో వేసిన రోడ్డు ఒకటి ఎంచుకుని, ప్రతి 10 మీటర్లకీ వెడల్పు కొలిచి కాగితం మీద రాయండి. పగుళ్ళుంటే టేపు పక్కన పెట్టి ఫొటో తీయండి. పని పూర్తయిన తేదీ పంచాయతీ కార్యదర్శిని అడిగి తెలుసుకోండి. మరమ్మతు గడువు ఇంకా మిగిలుంటే, కాంట్రాక్టరుతో బాగుచేయించమని పంచాయతీకి లెటరు ఇవాళే ఇచ్చి, ఇచ్చినట్టు కాపీ మీద స్టాంపు వేయించుకోండి. వచ్చే పాఠంలో మురుగు కాలువ వాలు కొలవడం.