గోల్ఫ్ క్లబ్ ప్రో: రెండు పడవల మీద కాళ్లు పెట్టి మునక్కుండా ఉండటం ఎలా

క్లబ్ ప్రో, అంటే గోల్ఫ్ క్లబ్‌లో పనిచేసే ప్రొఫెషనల్, అనగానే చాలామంది టీవీలో కనిపించే టూర్ ప్లేయర్‌ని ఊహించుకుంటారు, మొదటి పొరపాటు అక్కడే. టూర్ ప్లేయర్ ఆడి సంపాదిస్తాడు, క్లబ్ ప్రోకి ఎక్కువగా నేర్పిస్తేనే ఇల్లు గడుస్తుంది. పొద్దున్నే షాపు తెరవాలి, టీ టైమ్‌లు (ఎవరు ఎప్పుడు ఆట మొదలుపెట్టాలో) చూడాలి, పిల్లల బ్యాచ్, మెంబర్ల లెసన్లు, మధ్యలో ఎవరిదో క్లబ్ (బంతి కొట్టే కర్ర) గ్రిప్ అరిగిపోయిందని తెస్తే మార్చాలి, క్లబ్ టోర్నమెంట్ ఉంటే స్కోర్ కార్డులు సర్దాలి, ఇవన్నీ అయ్యాక వెలుతురు మిగిలితే అప్పుడు మన సొంత ఆట. ఇది ఇష్టం లేకపోతే ఈ దారిలోకి రాకండి, నిజంగా చెప్తున్నా. కానీ వచ్చాక ఆట పూర్తిగా వదిలేస్తే నేర్పించడం కూడా మెల్లగా పాడవుతుంది, ఎందుకో కింద చెప్తా.

ముందు ఒక విషయం తేల్చుకోండి. డబ్బు తీసుకుని పాఠం చెప్పడం మొదలుపెడితే, రూల్స్‌లో ఉన్న కొన్ని మినహాయింపులు తప్ప, అమెచ్యూర్ స్టేటస్ (డబ్బు కోసం ఆడని ఆటగాడి హోదా) పోతుంది. తర్వాత అప్లై చేసి తిరిగి తెచ్చుకోవచ్చు గానీ, అమెచ్యూర్‌గా ఆడాలనుకున్న టోర్నమెంట్లు ఏమైనా ఉంటే ముందే ఆడేసి రండి.

ఇక ట్రైనింగ్. ఈ ప్రోల సంఘాలు పాతవే, బ్రిటన్ పీజీఏ (ప్రొఫెషనల్ గోల్ఫర్స్ అసోసియేషన్) 1901లో, అమెరికా పీజీఏ 1916లో పుట్టాయి. మామూలు పద్ధతి ఏంటంటే ఒక హెడ్ ప్రో (క్లబ్‌లో ప్రోలకి పెద్ద) కింద అసిస్టెంట్‌గా చేరి, పని చేస్తూనే కొన్నేళ్లు చదువుకుని పరీక్షలు రాయడం. ఆట పరీక్ష కూడా ఉంటుంది. అమెరికాలో చాలా ఏళ్లు నడిచిన పద్ధతిలో ఒకే రోజు 36 హోల్స్ ఆడాలి, కోర్స్ రేటింగ్‌ని (మంచి ఆటగాడికి ఆ కోర్స్‌లో 18 హోల్స్‌కి ఎన్ని షాట్లు పడతాయో ఆ అంచనా) రెండుతో గుణించి 15 కలిపితే వచ్చేదే టార్గెట్, మొత్తం షాట్లు అది దాటకూడదు. రేటింగ్ 72 అయితే 159 అన్నమాట. వినడానికి తేలికే కదా, ప్రాక్టీస్ రేంజ్‌లో ఎవరైనా కొడతారు. కానీ 30వ హోల్ దగ్గర కాళ్లు లాగుతుంటే, టార్గెట్ దాటకుండా రెండే షాట్ల వెసులుబాటు మిగిలుంటే అప్పుడు తెలుస్తుంది దాని సంగతి. అందుకే పరీక్షకి ముందు వారానికి ఒక్కసారైనా, కుదిరితే మోసుకుంటూ నడిచి, 36 హోల్స్ ఆడండి, డ్రైవర్ (దూరం కొట్టే పెద్ద క్లబ్) కంటే మూడు నాలుగు అడుగుల పట్‌లు (గ్రీన్ మీద బంతిని హోల్‌లోకి దొర్లించే షాట్లు) ఎక్కువ ప్రాక్టీస్ చెయ్యండి.

చేరే క్లబ్ కంటే ఏ హెడ్ ప్రో కింద చేరుతున్నారో ముఖ్యం. నేను మొదట చేరిన చోట ఏడాదంతా బంతుల బుట్టలు నింపడమే సరిపోయింది, లెసన్ టీ (పాఠాలు చెప్పే చోటు) దగ్గర నిలబడనిచ్చిన గంటలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. చేరకముందే అడగండి, వారానికి ఎన్ని గంటలు లెసన్లు చూడొచ్చు, ఎన్ని చెప్పొచ్చు, లెసన్ ఫీజులో క్లబ్ వాటా ఎంత, షాపులో సరుకు ఎవరిది, ఆడుకోడానికి వారానికి ఒక పూట ఇస్తారా. నోటిమాట వద్దు, కాగితం మీద పెట్టించుకోండి.

ఇప్పుడు అసలైన పని, లెసన్. కొత్త స్టూడెంట్ రాగానే స్వింగ్ చూడకండి, ముందు అడగండి: ఎన్నిసార్లు ఆడతారు, నడుము మోకాలు ఎలా ఉన్నాయి, ఏ షాట్ విసిగిస్తోంది. తర్వాత ఓ పది బంతులు కొట్టించి నోరు మూసుకుని చూడండి (ఇది చాలా కష్టం, అందులోనూ వాళ్ల భర్తో అన్నయ్యో వెనక నిలబడి "తల ఎత్తకు" అని అరుస్తుంటే మరీ కష్టం, ఆయన్ని మర్యాదగా పటింగ్ గ్రీన్‌కి పంపెయ్యండి). చూడాల్సింది స్వింగ్ అందాన్ని కాదు, బంతి ఎక్కడ మొదలై ఎటు వంగుతోందో అది. పాత రోజుల్లో బంతి స్వింగ్ పాత్ (క్లబ్ కదిలే దారి) దిశలో బయల్దేరుతుందని చెప్పేవాళ్లు, అది తప్పని లాంచ్ మానిటర్లు (బంతి దిశ, వేగం కొలిచే యంత్రాలు) వచ్చాక అందరికీ అర్థమైంది. బయల్దేరే దిశని ఎక్కువగా క్లబ్‌ఫేస్ (క్లబ్‌లో బంతికి తగిలే ముఖం) నిర్ణయిస్తుంది, సుమారుగా ఐరన్‌తో ముప్పావు వంతు, డ్రైవర్‌తో ఇంకా ఎక్కువ. వంపు వచ్చేది ఫేస్‌కీ పాత్‌కీ మధ్య తేడా వల్ల, అది కూడా బంతి ఫేస్ మధ్యలో తగిలితేనే, డ్రైవర్‌తో అంచుకి తగిలితే లెక్క మారిపోతుంది. ఇది తెలియకుండా స్లైస్ (కుడిచేతివాటం వాళ్లకి బంతి కుడివైపుకి వంగిపోవడం) కొట్టేవాడికి "ఇంకా ఎడమకి తిప్పు" అని చెప్తే పాత్ ఇంకా ఎడమకి పోయి స్లైస్ పెరుగుతుంది, పాపం వాడు తన చేతకానితనం అనుకుంటాడు.

కాబట్టి వరస ఇది, గ్రిప్, నిలబడే దిశ, బంతి ఎక్కడ పెట్టారు, ఆ తర్వాతే స్వింగ్. సగం లెసన్లు గ్రిప్ దగ్గరే అయిపోతాయి. వీడియో తీస్తే ఎదురుగా ఒకటి, వెనక నుంచి టార్గెట్ వైపు ఒకటి, కెమెరా చేతుల ఎత్తులో, ప్రతిసారీ అదే చోట, లేకపోతే పోల్చడానికి పనికిరాదు. లెసన్‌కి ఒక్క మార్పే. మొదట్లో నేను డబ్బుకి న్యాయం చెయ్యాలని అరగంటలో ఐదు విషయాలు చెప్పేవాణ్ని, ఒకాయన చివరికి బంతికి క్లబ్ తగిలించడమే మర్చిపోయాడు, మళ్లీ రాలేదు.

ఇంకోటి, మీ స్వింగ్‌ని అందరికీ తొడగొద్దు. హార్వీ పెనిక్ అని ఆస్టిన్ కంట్రీ క్లబ్ ప్రో, టామ్ కైట్‌కీ బెన్ క్రెన్‌షాకీ ఇద్దరికీ చిన్నప్పటి నుంచి నేర్పాడు, కానీ ఒకరి లెసన్ ఇంకొకరిని చూడనిచ్చేవాడు కాదు, ఒకరికి పనికొచ్చే మాట రెండోవాళ్లని చెడగొడుతుందని. కైట్ 1992లో యూఎస్ ఓపెన్ గెలిచాడు, క్రెన్‌షా 1984లో, 1995లో మాస్టర్స్ గెలిచాడు, రెండూ గోల్ఫ్‌లో అతి పెద్ద టోర్నమెంట్లలోవే. ఇద్దరూ ఒకే స్వింగ్ ఆడలేదు.

మరి సొంత ఆట? పెద్ద కలలు కనొద్దని అనను. క్లాడ్ హార్మన్ వింగ్డ్ ఫుట్ క్లబ్ ప్రోగా ఉంటూనే 1948 మాస్టర్స్ గెలిచాడు. 2023 పీజీఏ ఛాంపియన్‌షిప్‌లో మైకేల్ బ్లాక్, 46 ఏళ్ల క్లబ్ ప్రో, ఆఖరి రోజు 15వ హోల్‌లో హోల్ ఇన్ వన్ (ఒక్క షాట్‌కే బంతి హోల్‌లో) కొట్టి టైగా 15వ స్థానంలో ముగించాడు. అందరూ అక్కడితో ఆపేస్తారు, తర్వాతి వారమే ఇంకో టోర్నమెంట్‌లో మొదటి రౌండ్ 81 కొట్టాడు, అది కూడా గుర్తుంచుకోండి. క్లబ్ ప్రో ఆట అలాగే ఉంటుంది, రోజూ అందులోనే ఉండేవాళ్లతో పోల్చుకుని బాధపడకండి.

నేను చెప్పేది ఏంటంటే ప్రైజ్ కోసం కాదు, భయం గుర్తుండటం కోసం ఆడాలి. స్కోర్ కార్డు చేతిలో ఉండి, రెండు అడుగుల పట్ మీద చెయ్యి వణికిన మనిషే, మెంబర్ వచ్చి "రేంజ్‌లో బాగానే కొడతా, కోర్స్‌లోనే పోతోంది" అంటే స్వింగ్ రిపేర్‌కి పోకుండా అసలు సంగతి పట్టుకుంటాడు. సీజన్‌లో మూడు నాలుగు టోర్నమెంట్లు వేసుకోండి, చాలు. రోజూ లెసన్ల మధ్య ఖాళీలో ఇరవై నిమిషాలు చిప్పింగ్ (గ్రీన్ దగ్గరి చిన్న షాట్లు), పటింగ్, లాంగ్ గేమ్‌కి (దూరపు షాట్లకి) వారానికి ఒక పూట. మెంబర్లతో తొమ్మిది హోల్స్ ఆడటం కూడా పనే, లెసన్లు ఎక్కువగా అక్కడే బుక్ అవుతాయి.

లెసన్ క్యాన్సిల్ చెయ్యాలంటే ఒక రోజు ముందు చెప్పాలని మొదటి రోజే రూల్ పెట్టండి, మొహమాటపడితే మీ ప్రాక్టీస్ టైమే పోతుంది. నడుము జాగ్రత్త, రోజంతా చూపించడానికి ఫుల్ స్వింగ్ అక్కర్లేదు, సగం స్వింగ్ చాలు. టోర్నమెంట్ ముందు రోజు సాయంత్రం మాత్రం లెసన్లు పెట్టుకోకండి, స్లైస్ ఎందుకొస్తుందో పదిమందికి కొట్టి చూపించి పొద్దున్నే ఫస్ట్ టీ మీద నిలబడితే, ఆ స్లైస్ ఇంకా మన చేతుల్లోనే ఉంటుంది.