పెద్ద క్రూజ్ ఓడ ఎక్కేముందు ఇద్దరూ తెలుసుకోవాల్సిన జాగ్రత్తలు

ఓడ ఎక్కిన రోజు సాయంత్రం మావారు బీపీ మాత్ర వేసుకోవాల్సిన టైమైంది. "మందుల సంచి నీ దగ్గరుందిగా" అన్నారు. "మీ చేతి బ్యాగులో ఉందనుకున్నాను" అన్నాను. ఆ సంచి పెద్ద సూట్‌కేసులో ఉంది. సూట్‌కేసునేమో రేవులోనే పోర్టర్లకు అప్పగించేశాం. వేల మంది సామాను స్కానింగ్ అయ్యి, డెక్కుల (ఓడ అంతస్తుల) వారీగా విడిపోయి, ఒక్కో క్యాబిన్ తలుపు దాకా రావాలి. మాది వచ్చేసరికి రాత్రి తొమ్మిదిన్నర దాటింది. ఆయనకు ఏమీ కాలేదు కానీ అంతసేపూ నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

ఆ వారం రోజుల్లో మాకు ఎదురైన ఇబ్బందులు దాదాపు అన్నీ ఇలాగే మొదలయ్యాయి. ఆయన చూసుకున్నారని నేను, నేను చూసుకున్నానని ఆయన అనుకున్నాం. అందుకే జంటగా వెళ్లేవాళ్ల కోసం ఇది ప్రత్యేకంగా రాస్తున్నాను. ఓడ మీద ముఖ్యమైన సంగతి ఏదైనా సరే, ఇద్దరికీ తెలిసి ఉండాలి.

మొదట కాగితాలు. పాస్‌పోర్టుకు ప్రయాణం ముగిశాక కూడా కనీసం ఆరు నెలల గడువు ఉండేలా చూసుకోండి, చాలా దేశాలు అది అడుగుతాయి. వీసా దగ్గర జంటలు తరచూ పొరపడే విషయం ఒకటుంది. ఓడ ఒక దేశంలో బయల్దేరి, వేరే దేశాలు చూపించి, మళ్లీ మొదటి దేశానికే తిరిగొస్తే అది రెండోసారి ప్రవేశించినట్టే లెక్క. అలాంటప్పుడు ఒక్కసారి ప్రవేశానికి ఇచ్చే వీసా సరిపోకపోవచ్చు. టికెట్ మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉందో లేదో అక్షరం అక్షరం చూడండి. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకున్నవాళ్లు ఇంకా జాగ్రత్తగా చూడాలి. పాస్‌పోర్టులు, వీసాలు, ఇన్సూరెన్స్ కాపీలు ఇద్దరి ఫోన్లలోనూ ఉండాలి. గర్భిణిగా ఉంటే బుక్ చేయకముందే కంపెనీ నిబంధన చదవండి. ప్రయాణం ముగిసేలోపు 24వ వారంలోకి అడుగుపెట్టేవారిని చాలా కంపెనీలు ఎక్కనివ్వవు. బయల్దేరే రేవు ఉన్న ఊరికి ఒకరోజు ముందే చేరుకోండి. విమానం ఆలస్యమైందని ఓడ ఆగదు.

ఇన్సూరెన్స్ వద్దనుకుని డబ్బు మిగుల్చుకోవద్దని గట్టిగా చెబుతాను. ఓడలో డాక్టర్, నర్సులు ఉంటారు. కానీ ఆ వైద్యం ఖరీదైనది, బిల్లు మీ ఓడ ఖాతాలోనే పడుతుంది. మీ మామూలు హెల్త్ పాలసీ అక్కడ చెల్లకపోవచ్చు. అన్నిటికంటే పెద్ద ఖర్చు, రోగిని హెలికాప్టర్‌లోనో దగ్గరి రేవు నుంచి అంబులెన్సులోనో ఆసుపత్రికి తరలించడం. పాలసీలో ఆ తరలింపు ఖర్చు ఉందో లేదో వెతికి చూడండి.

క్యాబిన్ ఎంచుకునేటప్పుడు తూగుడు బల్లను తలుచుకోండి. చివర్లు పైకీ కిందికీ ఊగుతాయి, మధ్యభాగం పెద్దగా కదలదు. ఓడ కూడా అంతే. కడుపులో తిప్పే స్వభావం ఉన్నవారికి ఓడ మధ్యలో, కింది డెక్కుల్లో ఉన్న క్యాబిన్ మంచిది. పెద్ద ఓడలకు పక్కల్లో రెక్కల్లాంటి స్టెబిలైజర్లు ఉంటాయి. అవి పక్కలకు ఊగడాన్ని తగ్గిస్తాయి గానీ, ముందూ వెనకా ఎగిరిపడటాన్ని పెద్దగా ఆపలేవు. మేం బాల్కనీ వ్యూ కోసం పై డెక్కులో ముందుభాగం తీసుకున్నాం. మూడో రాత్రి గాలి పెరిగాక నేను మంచం మీంచి లేవలేకపోయాను. వాంతి మాత్ర కడుపులో తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే సగమే పనిచేస్తుంది, ముందే వేసుకోవాలి. ఏ మాత్రైనా బయల్దేరకముందే మీ డాక్టర్ని అడిగి తీసుకోండి. వీటిలో చాలావాటికి మత్తుగా ఉంటుంది, మద్యం తాగితే అది ఇంకా పెరుగుతుంది. చెవి వెనక అంటించే ప్యాచ్ కొన్ని రకాల గ్లకోమా (కంటి జబ్బు) ఉన్నవారికి పనికిరాదు. అట్లాంటిక్ వైపు వెళ్లేవారు జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా తుఫాన్ల కాలమని గుర్తుంచుకోవాలి. ఆ నెలల్లో దారి మారొచ్చు, ఒక రేవు పూర్తిగా తప్పిపోవచ్చు.

ఇక మస్టర్ డ్రిల్. ప్రమాదం వస్తే ఎక్కడ గుమిగూడాలో నేర్పే కసరత్తు ఇది. ఆ గుమిగూడే చోటునే స్టేషన్ అంటారు. చాలామంది దీన్ని సెలవులకు అడ్డం అనుకుంటారు. 2012 జనవరి 13 రాత్రి ఇటలీలోని జిలియో దీవి దగ్గర కోస్టా కాంకోర్డియా ఓడ రాతిని కొట్టుకుని ఒరిగిపోయింది, 32 మంది చనిపోయారు. ఆ రోజే ఎక్కిన వందల మందికి అప్పటికి డ్రిల్ జరగనేలేదు. అప్పట్లో ఓడ ఎక్కిన 24 గంటల్లోపు చేస్తే సరిపోయేది. ఆ తర్వాత అంతర్జాతీయ నిబంధన మారింది. 2015 నుంచి ఓడ బయల్దేరకముందే, లేదా బయల్దేరిన వెంటనే చేయాలి.

ఇప్పుడు చాలా ఓడల్లో వీడియో ఫోన్‌లో చూసేసి, ఎవరి వీలును బట్టి వాళ్లు స్టేషన్‌కు వెళ్లి ఓడ కార్డు స్కాన్ చేయించుకుంటున్నారు. మేమూ విడివిడిగా వెళ్లాం. రెండో రోజు "మన స్టేషన్ ఎటువైపు?" అని అడిగితే మావారు ఒకవైపు చూపించారు, నేను ఇంకోవైపు చూపించాను. నాకు గుండె ఝల్లుమంది. వెంటనే క్యాబిన్ నుంచి బయల్దేరి, లిఫ్టు ఎక్కకుండా మెట్ల మీదుగా స్టేషన్ దాకా ఇద్దరం నడిచాం. మా తలుపు నుంచి మెట్ల వరకు ఎన్ని తలుపులున్నాయో లెక్కపెట్టుకున్నాం, పొగలో కళ్లు కనపడకపోతే చేత్తో తడుముకుంటూ వెళ్లొచ్చని. మీరూ ఇలా ఒక్కసారి నడవండి, పది నిమిషాలు కూడా పట్టదు. హెచ్చరిక గుర్తు ఏడు చిన్న కూతలు, ఆ తర్వాత ఒక పొడవాటి కూత. అది వినపడినప్పుడు మీరిద్దరూ వేర్వేరు చోట్ల ఉంటే ఒకరినొకరు వెతుక్కోవద్దు. ఎవరికి వారు నేరుగా స్టేషన్‌కే వెళ్లాలి. ఈ మాట మీద ముందే ఒప్పందానికి రండి, ఎందుకంటే ఆ క్షణంలో మనసు ఒప్పుకోదు.

మామూలు రోజుల్లోనూ విడిపోవడం తేలికే. 2024లో తొలి ప్రయాణం చేసిన ఐకాన్ ఆఫ్ ది సీస్ పొడవు 365 మీటర్లు. అందులో 20 డెక్కులు, నిండితే 7,600 మంది ప్రయాణికులు. మేం ఎక్కింది అంత పెద్దది కాకపోయినా మొదటి రెండు రోజులు దారి తప్పుతూనే ఉన్నాం. కలుసుకోవడానికి ఒక చోటు, ఒక టైమ్ అనుకోండి. రేవు దాటేలోపే ఫోన్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి ఓడ వైఫై మాత్రమే వాడండి. లేకపోతే ఫోన్ ఓడలోని శాటిలైట్ నెట్‌వర్క్‌ను పట్టుకుని బిల్లు వాచిపోతుంది.

ఓడల్లో అందరూ భయపడే జబ్బు నోరోవైరస్. వాంతులు, విరేచనాలు, సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజులు. తిండి, నీళ్లు, ముట్టుకున్న వస్తువులు, అన్నిటి ద్వారా అంటుకుంటుంది. ద్వారం దగ్గర పెట్టే శానిటైజర్ దీని మీద అంతగా పనిచేయదు. తినే ముందు, టాయిలెట్‌కు వెళ్లొచ్చాక, సబ్బుతో 20 సెకన్లు చేతులు కడుక్కోవాలి. బఫేలో అందరూ పట్టుకున్న గరిటెలు పట్టుకున్నాక తినేముందు మళ్లీ కడుక్కోండి. ఒకరికి జబ్బు మొదలైతే దాచకండి. క్యాబిన్‌లో ఉండమంటారని, డబ్బు వృథా అవుతుందని చాలామంది చెప్పరు. దాని వల్లే మిగతావాళ్లకు పాకుతుంది. రెండోవారు తువ్వాలు, గ్లాసు వేరుగా పెట్టుకోవాలి. ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఇంటి నుంచే తెచ్చుకోండి.

రేవులో దిగిన రోజు అసలు టెన్షన్ టైమ్‌తోనే. నా ఫోన్ తనంతట తాను ఆ ఊరి టైమ్‌కు మారిపోయింది. మావారి వాచీ ఓడ టైమ్‌లోనే ఉంది, నా ఫోన్ కంటే గంట ముందు. ఇంకా గంటన్నర ఉందని నేను, అరగంటే ఉందని ఆయన. మావారి మాటే నిజమని ఓడ దగ్గర గడియారం చూశాక తెలిసింది. పదిహేను నిమిషాలు మిగిలాయి. ఓడ టైమ్ పెట్టిన మామూలు చేతి వాచీ ఒకటి తప్పకుండా ఉంచుకోండి. ఓడ బయల్దేరే టైమ్ వేరు, అందరూ ఎక్కేయాల్సిన టైమ్ వేరు. రెండోది ముందుంటుంది, మీరు లెక్కపెట్టాల్సింది దాన్నే. సొంతంగా తిరిగేవాళ్ల కోసం ఓడ ఆగదు. ఓడవాళ్ల టూర్‌లో వెళ్తే సాధారణంగా ఆగుతుంది. ఓడ దూరంగా లంగరు వేసి చిన్న పడవల్లో తీసుకెళ్లే చోట్ల తిరుగు క్యూకు అదనంగా గంట ఉంచుకోండి.

క్యాబిన్‌లో ఇస్త్రీ పెట్టె, సర్జ్ ప్రొటెక్టర్ (కరెంటు ఒక్కసారిగా పెరిగితే అడ్డుకునే పరికరం) ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు తీసుకెళ్లొద్దు, స్కానింగ్‌లోనే తీసేసుకుంటారు. సముద్రంలో నిప్పుకు మించిన భయం లేదు. 2006లో స్టార్ ప్రిన్సెస్ ఓడలో బాల్కనీల మీదుగా మంటలు వ్యాపించి ఒకరు చనిపోయారు. ఎవరో పారేసిన సిగరెట్టే కారణమై ఉండొచ్చని విచారణలో తేల్చారు. బాల్కనీ తలుపు, క్యాబిన్ తలుపు ఒకేసారి తెరవొద్దు, గాలికి ధడాలున మూసుకుని వేళ్లు నలుగుతాయి. ఫొటో కోసం రెయిలింగ్ ఎక్కడం, దాని మీద కూర్చోవడం అసలు వద్దు.

చివరి రాత్రి సూట్‌కేసులు క్యాబిన్ బయట పెట్టమంటారు, అవి మళ్లీ రేవులోనే కనపడతాయి. మర్నాడు వేసుకునే బట్టలు, చెప్పులు, మందులు, పాస్‌పోర్టులు ముందు పక్కన తీసి పెట్టాకే జిప్ వేయండి. ఒకరు సర్దితే రెండోవారు ఒక్కో వస్తువూ చేత్తో తాకి చూడండి. సేఫ్ ఖాళీ చేశాక దాని తలుపు తెరిచే ఉంచి బయటికి రండి.