ఫ్యాన్ వార్‌లో పరువు పోకుండా వాదించడం ఎలా?

పోయిన సంక్రాంతికి మా కజిన్స్ వాట్సాప్ గ్రూప్‌లో రాత్రి పదకొండున్నరకు మొదలైన గొడవ తెల్లారి పాలవాడు బెల్ కొట్టేదాకా నడిచింది. ఆస్తి గొడవేం కాదు. ‘మాయాబజార్’లోని ప్రియదర్శిని పెట్టె సైన్స్ ఫిక్షనా, ఫాంటసీయా అని. శశిరేఖ మూత తీస్తే ఎక్కడో ఉన్న అభిమన్యుడు కనిపిస్తాడు, ఇద్దరూ కలిసి పాట కూడా పాడుకుంటారు. “1957లోనే వీడియో కాల్ చూపించారు, ఇంకేం కావాలి?” అని మా బావ. “అది మాయ బావా, సైన్స్ ఎక్కడుంది?” అని నేను. రెండొందల మెసేజ్‌ల తర్వాత తేలిందేంటంటే, సైన్స్ ఫిక్షన్ అన్న మాటకు ఆయన చెప్పుకునే అర్థం వేరు, నాది వేరు. ఆన్‌లైన్‌లో అభిమానుల మధ్య జరిగే గొడవల్లో సగానికి సగం ఇలాంటివే. ఇద్దరూ ఒకే విషయం గురించి మాట్లాడుతున్నారో లేదో చూసుకోరు. అందుకే కింది పద్ధతి.

1. మాటకు అర్థం అడగండి

రిప్లై కొట్టే ముందు “నువ్వు దేన్ని సైన్స్ ఫిక్షన్ అంటున్నావు?” అని ఒక్క ప్రశ్న వేయండి. రాబోయే వస్తువును ముందే ఊహిస్తే చాలని మా బావ లెక్క. ఆ వస్తువు ఎలా పనిచేస్తుందో కథ ఏదో ఒక కారణం చెప్పాలి, నమ్మించేలా అబద్ధమైనా సరే, అని నా లెక్క.

ఏడాది తేడాతో వచ్చిన రెండు సినిమాలు పక్కపక్కన పెట్టుకుంటే తేడా సులభంగా తెలుస్తుంది. 1990లో వచ్చిన ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’లో ఇంద్రుడి కూతురు ఉంగరం పోగొట్టుకుని భూమ్మీద చిక్కుకుపోతుంది. ఉంగరానికి ఆ శక్తి ఎలా వచ్చిందని హాల్లో ఎవరూ అడగరు, అడగకూడదు కూడా. 1991 నాటి ‘ఆదిత్య 369’లో మాత్రం ఒక శాస్త్రవేత్త కూర్చుని యంత్రం తయారుచేస్తాడు, అది 1526లో కృష్ణదేవరాయల కాలానికి తీసుకెళ్తుంది, తర్వాత 2504కి. ఇక 2024లో వచ్చిన ‘కల్కి 2898 ఏడీ’ దగ్గర ఈ కొలబద్ద విరిగిపోతుంది. అశ్వత్థామా ఉన్నాడు, మాట్లాడే కారు బుజ్జీ ఉంది. అక్కడ “రెండూ” అని ఒప్పుకుని ముందుకు వెళ్లడమే తెలివి.

2. ఏ వెర్షన్ అని అడగండి

కామిక్స్ అభిమానులకు ఇది మరీ ముఖ్యం. సూపర్‌మ్యాన్ ఎగరగలడా? ఇదేం ప్రశ్న అని నేను బిర్యానీ పందెం కాసి ఓడిపోయాను. 1938లో యాక్షన్ కామిక్స్ మొదటి సంచికలో కనిపించిన సూపర్‌మ్యాన్ ఎగరడు, గెంతుతాడు. మైలులో ఎనిమిదో వంతు, అంటే సుమారు 200 మీటర్లు. ఎగరడం అతనికి 1940ల్లో అలవాటైంది. ‘స్టార్ వార్స్’లో హీరోల్లో ఒకడైన హాన్ సోలో ముందు కాల్చాడా, అతన్ని పట్టుకోవడానికి వచ్చిన గ్రీడో ముందు కాల్చాడా అన్న తగువు కూడా ఇలాంటిదే. 1977 ప్రింట్‌లో హాన్, 1997లో మార్చి విడుదల చేసిన దాంట్లో గ్రీడో. ఇద్దరూ నిజమే చెబుతున్నారు, చూసిన ప్రింట్లు వేరు.

మన దగ్గర పురాణ కథల విషయంలో ఇది మరీ ఎక్కువ. “ఒరిజినల్‌లో అలా లేదు” అనే ముందు ఏది ఒరిజినలో చెప్పాలి. మనమంతా ఇంటి ఆడపిల్లలా చెప్పుకునే శశిరేఖ వ్యాస భారతంలో లేనే లేదు.

3. కలెక్షన్ల పోస్టర్ కనిపిస్తే ఆగండి

హైదరాబాద్ మల్టీప్లెక్స్‌లో 295 రూపాయల టికెట్ తీసుకోండి. అందులో అసలు ధర 250, దానిమీద 18 శాతం జీఎస్‌టీ 45. మొత్తం 295 గ్రాస్. పన్ను తీసేస్తే 250 నెట్. అందులో థియేటర్ వాళ్ల వాటా పోగా డిస్ట్రిబ్యూటర్ చేతికి వచ్చేది షేర్. మా హీరో సినిమాకు గ్రాస్, మీ హీరో సినిమాకు షేర్ పెట్టి పోలిస్తే ఎవరైనా గెలుస్తారు. పోస్టర్ మీద ఆ మూడు మాటల్లో ఏదీ లేకపోతే ఆ అంకెతో వాదించకండి. ఉన్నా, అది లెక్కల పుస్తకం కాదు, ప్రచారం కోసం వేసిన పోస్టర్ అని గుర్తుంచుకోండి. పదేళ్ల కిందటి సినిమాతో పోల్చేటప్పుడు అప్పటి టికెట్ ధర కూడా కనుక్కోండి.

4. తారల వార్త అయితే షేర్ బటన్ మీద నుంచి వేలు తీయండి

“కన్నుమూత” అని నల్ల బోర్డర్‌తో థంబ్‌నెయిల్, వీడియో తెరిస్తే ఏదో పాత సినిమాలో చావు సీను. ఇలాంటివి మీరూ చూసే ఉంటారు. ముందు తేదీ చూడండి. తర్వాత ఆ నటుడి సొంత ఖాతాలోనో, రెండు పేరున్న పత్రికల్లోనో ఉందేమో చూడండి. నీలం టిక్కును నమ్మి మోసపోకండి, ఎక్స్‌లో ఇప్పుడది డబ్బు కడితే వస్తుంది. ఫొటో అయితే గూగుల్ లెన్స్‌లో వేసి పాతదా కొత్తదా కనుక్కోవచ్చు, అర నిమిషం పని.

వీడియో అయితే వేగం తగ్గించి మొదటి క్షణం నుంచి చూడండి. 2023 నవంబర్‌లో రష్మిక మందన్న పేరుతో తిరిగిన లిఫ్ట్ వీడియో గుర్తుందా? అది వేరే అమ్మాయి వీడియో, ముఖం మాత్రం అతికించారు. ఆమె లిఫ్ట్‌లోకి అడుగుపెట్టే చోట ముఖం మారిపోవడం ఆపి చూసినవాళ్లకు దొరికింది. 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఒక యువకుణ్ణి అరెస్టు చేశారు. పోలీసులు చెప్పినదాని ప్రకారం, అతను నడిపేది ఆమె ఫ్యాన్ పేజీయే. ఫాలోవర్ల కోసం ఆ పని చేశాడట. అభిమానం అలా కూడా ఉంటుందని తెలిసిన రోజు నాకు కాసేపు నోట మాట రాలేదు.

5. సీను చెప్పండి, స్పాయిలర్ చెప్పకండి

“వేస్ట్ మూవీ” అంటే అక్కడితో అయిపోయింది. “సెకండాఫ్‌లో విలన్‌కు కారణమే లేదు” అంటే ఎదుటివాడు ఆలోచించి జవాబివ్వాలి. సినిమా వచ్చిన మొదటి వారం క్లైమాక్స్ గురించి రాయాల్సి వస్తే పైన ఒక హెచ్చరిక పెట్టి, నాలుగు లైన్లు ఖాళీ వదలండి.

6. ఎక్కడ లేచిపోవాలో ముందే అనుకోండి

నాకు రెండు గీతలున్నాయి. వాదన హీరో నటన నుంచి హీరో కులానికి మారితే ఒకటి, ఇంట్లో ఆడవాళ్ల మీదికి వెళ్తే రెండోది. ఆ క్షణమే మ్యూట్. చివరి మాట నాదే కావాలని కూర్చోను. బెదిరింపులు వస్తే స్క్రీన్‌షాట్ తీసి దాచి, రిపోర్ట్ కొట్టి, తర్వాతే బ్లాక్ చేయండి.

తప్పు మీదైతే మాత్రం గ్రూప్ వదిలి పారిపోకండి. “నాదే పొరపాటు” అని ఒక్క లైన్ రాస్తే చాలు. సూపర్‌మ్యాన్ పందెం ఓడినప్పుడు నేను ఆ లైన్ రాశాను, బిర్యానీ కూడా కొనిచ్చాను. ప్రియదర్శిని సంగతి మాత్రం ఇంకా తేలలేదు. మా బావ వీడియో కాల్ చేసినప్పుడల్లా “పెట్టె మూత తీశానురా” అంటాడు.