వానాకాలంలో టైటానియం వెల్డింగ్: ఆ రంగు తుడవకండి

ఈ మధ్య ఒక రసాయన కర్మాగారంలో టైటానియం పైపు అతుకు పీడన పరీక్షలోనే చీలింది. పైకి వెండిలా మెరుస్తోంది. అంచు గీతలో మాత్రం బ్రష్ అందని చోట నీలం మిగిలి ఉంది. వేడి లోహం గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకుందనడానికి ఆ రంగే గుర్తు. అంటే వెల్డింగ్ అయ్యాక రంగు తుడిచేశారు. వానాకాలంలో గాలిలో తేమ పెరుగుతుంది, తేమ నుంచి కూడా ఆక్సిజన్ లోహంలోకి చేరుతుంది. అందుకే ఈ తప్పు అప్పుడు మరింత ఎక్కువగా జరుగుతుంది.

కళ్లద్దాలు, చేతి తొడుగుల సంగతి మీకు తెలుసు, వదిలేస్తున్నాను.

ఆక్సిజన్ టైటానియానికి పుట్టు శత్రువు కాదు. శుద్ధ టైటానియం రకాల్లో గ్రేడ్ 1లో 0.18 శాతం, గ్రేడ్ 4లో 0.40 శాతం దాకా ఉండనిస్తారు. ప్రధానంగా ఆ తేడాతోనే బలం రెట్టింపు దాటుతుంది, సాగే గుణం మాత్రం 24 శాతం నుంచి 15కి పడిపోతుంది. ఆక్సిజన్ పరమాణువులు ఆల్ఫా స్ఫటికాల (మామూలు వేడిలో టైటానియం ఉండే రూపం) సందుల్లో ఇరుక్కుని పొరలు జారకుండా అడ్డుపడతాయి. లోహం తయారుచేసే చోట అది కొలిచి కలిపినది. మీ అతుకులోకి దూరినదానికి కొలత లేదు. వేడి లోహం పైభాగంలో ఆక్సిజన్ నిండిన పెళుసైన ఆల్ఫా పొర కడుతుంది, పగులు అక్కడే పుడుతుంది. ‘గట్టిపడింది కదా, మంచిదేగా’ అనేవాళ్ల చేతికి ఆ ముక్క ఇచ్చి వంచమనండి.

రంగు తుడిస్తే ఆక్సిజన్ పోదు. సాక్ష్యం పోతుంది. దాని మీదే ఇంకో వరస వెల్డు వేస్తే ఆ ఆక్సైడ్ కరిగి లోహంలోనే కలుస్తుంది.

వెండి, లేత గడ్డి రంగు సరే. నీలం, బూడిద, తెల్ల పొడి కనిపిస్తే కోసి తీసేయండి. గాలిని దూరంగా ఉంచే ఆర్గాన్ వాయువు స్వచ్ఛత 99.995 శాతానికి తగ్గకూడదు. వాయువుకు రబ్బరు గొట్టం వాడకండి, తేమ పీలుస్తుంది. వాయువు మరీ ఉధృతంగా వదలకండి, సుడి తిరిగి గాలిని లాక్కొస్తుంది. పైపు లోపల కూడా ఆర్గాన్ నింపండి. ఫ్యాన్ ఆపండి. ఆర్క్ (వెల్డింగ్ మెరుపు) ఆగగానే వాయువు వదిలే టార్చి ఎత్తకండి, లోహం 400 డిగ్రీల కిందికి దిగేదాకా వాయువు పారాలి. ఫిల్లర్ రాడ్ (అతుకులో కరిగించే కడ్డీ) వేడి కొన వాయువు బయటికి వచ్చిందా, కత్తిరించండి. ఉక్కుకు వాడిన బ్రష్ దగ్గరికి రానివ్వకండి. చెమట చేతులతో తాకకండి. ముందు తుక్కు ముక్క మీద వెల్డు చేసి వంచి చూడండి. తనిఖీ చేసేవాడు రంగు చూసి సంతకం పెట్టేదాకా ఏ బ్రష్షూ ఆ అతుకును ముట్టకూడదు.